కొండ తల దాటాక పద్నాలుగు లెక్కలు

రోహిణి కార్తె, ఆఖరి రోజు
గాలి: తూర్పు, మందం. ఊరి ఎత్తు: పన్నెండు వందల మీటర్లు. ఊరిని గాల్లో మోసే ఆరు బుడగలూ నిండుగా ఉన్నాయి, నేలకి కట్టిన మూడు మోకులూ బిగువుగానే ఉన్నాయి. మడిచిన దుముకుడు గొడుగులు: ముప్ఫై ఒకటి.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది అంతవరకే. కాని పేజీ పెద్దది, రాయాల్సింది చిన్నది. మిగిలిన జాగా ఊరికే పోనివ్వడం నాకు చేతకాదు. చదివే పెద్దలకి అభ్యంతరమైతే పేజీలు చింపుకోవచ్చు, తర్వాత కాగితం చాలలేదని మాత్రం నన్ను అడగొద్దు.

ఇవాళ ఆఖరి మూడు మెలకువ పెట్టెలు కూడా ఊడదీశాం. అరచేతిలో పట్టేంత పెట్టె, వీపు సంచిలో ఉండేది. దుమికినవాడు కింద ఉన్న పిట్టకొండ నడుం దాకా వచ్చినా ఇంకా రాయిలా పడుతుంటే, పెద్దగొడుగుని అదే వదిలించి, ఆపదకని ఉంచిన చిన్నగొడుగుని అదే తెరిచేది. మనిషి నిద్రపోయినా పెట్టె మెలకువగా ఉంటుందని ఆ పేరు. వాటి లోపలి సరుకు చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరట. కాబట్టి ఇక అందరూ ఎవరి మెలకువ మీద వాళ్ళే బతకాలి. ఎర్ర పిడి లాగితే పెద్దగొడుగు విడిపోతుంది. తెల్ల పిడి లాగితే చిన్నది తెరుచుకుంటుంది. పిట్టకొండ తల కళ్ళకి సమానంగా వచ్చేలోపే ఆ రెండూ లాగాలి. మా అత్తగారి కాలం నుంచీ అదే మాట: కొండ తల దాటాక ఆలోచన లేదు.

మధ్యాహ్నం పార్వతాలు తన గొడుగు తెచ్చి నా ముందు కుప్ప పోసింది.

"మొన్నటి మురికి ఈ మూలన అలాగే ఒగ్గీసినావేటక్కా?"

"మడతెయ్యడం నా పని. ఉతుక్కోడం నీ పని."

"ఊరందరికీ నవ్వుతూ మడుస్తావు, నాకే ఏడుస్తూ మడుస్తావు."

పార్వతాలు నా తోడికోడలు. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఇంట్లో నేను, మా మరిది సన్యాసి, అతని పెళ్ళాం పార్వతాలు. సన్యాసి తాడుబండి తిప్పుతాడు. తెల్లవారుజామున అది నీళ్ళ పీపాలు పైకి మొయ్యడంతోనే సరిపోతుంది, అందుకే ఉప్పుమడులకి వెళ్ళేవాళ్ళు దుముకుతారు. కింద మనిషి నిలబడగలిగేది పొద్దున్న నాలుగు గంటలే, ఆ పైన ఎండకి మెదడు ఉడుకుతుంది. మధ్యాహ్నం అందరూ తాడుబండి ఎక్కి పైకొస్తారు. పార్వతాలు ఇరవయ్యేళ్ళుగా దుముకుతోంది. రోజుకి ఒక్కసారైనా దెబ్బలాడుకోకపోతే మా ఇద్దరికీ అన్నం సయించదు.

మృగశిర కార్తె, రెండో రోజు
గాలి: నైరుతి, ఉండుండి. మడిచినవి: ముప్ఫై.

చిట్టెయ్య పోయాడు. నిన్న ముప్ఫై ఒకటి, ఇవాళ ముప్ఫై. ఆ తేడా చిట్టెయ్య.

దుముకుడు గుమ్మం దగ్గర నేనే ఉన్నాను. గొడుగు తెరుచుకుంది కాని తాళ్ళు మెలిపడి గిర్రున తిరిగింది. తిరిగే గొడుగు మనిషిని ఆపదు, కొంచెం నెమ్మదిగా చంపుతుంది, అంతే. కొండ తల వచ్చింది, దాటింది. చిన్నగొడుగు రాలేదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి.

సభ పుస్తకంలో కారణం 'గాలి' అని రాశారు. గుడ్డ మడిచింది నేను కాబట్టి నన్ను పక్కన నిలబెట్టి అడిగారు. మడతలో లోపం లేదు, తాళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయని చూపించాను. నిజంగానే గాలి. చిట్టెయ్య ఇరవయ్యేళ్ళుగా నా దగ్గరే మడిపించుకున్నాడు, ఒక్కరోజూ పేరు పెట్టలేదు. 

మృగశిర, తొమ్మిదో రోజు
గాలి: నైరుతి, గట్టిగా. మడిచినవి: ఇరవై తొమ్మిది.

కొండమ్మ. అదీ మెలే. అదీ నేను మడిచిందే. తొమ్మిది రోజుల్లో ఇద్దరు.

పోయినవాళ్ళ గుడ్డ తెచ్చేది మడిచిన మనిషే. అది మా వృత్తి ధర్మం. తాడుబండిలో కిందికి వెళ్ళాను. కొండమ్మని ఉప్పుగట్టు మీద పడుకోబెట్టారు. నేను గుడ్డ చూడకముందు చేతులు చూశాను, ఎందుకు చూశానో తెలీదు. రెండు అరచేతులూ తాళ్ళు ఒరుసుకుని చెక్కుకుపోయి ఉన్నాయి. ఆఖరిదాకా మెలి విప్పుతూనే ఉందన్నమాట. ఎర్ర పిడి, తెల్ల పిడి రెండూ వాటి జేబుల్లో కుట్టినట్టు అలాగే ఉన్నాయి. చిట్టెయ్య చేతులు కడిగిన ఆవిడని అడిగాను. అతనివీ అంతేనంది.

పైకొచ్చి పాత పుస్తకాలు దించాను. పన్నెండేళ్ళ కిందట సభ పెద్ద పోలినాయుడుగారు దారం నిబంధన పెట్టారు. మడిచే ప్రతి మనిషి మణికట్టుకీ ఒక రంగు దారం. సంచి మూతి కట్టేదీ అదే రంగు. నాది ఆకుపచ్చ. ఎవరైనా తన చేత్తో చిన్నగొడుగు తెరిస్తే, పెద్దగొడుగు మడిచిన మనిషి దారాన్ని సభలో అందరి ముందూ కోస్తారు. ఏడాదిపాటు మడతల సావిట్లో అడుగుపెట్టకూడదు. పెట్టె తెరిస్తే మాత్రం తప్పు ఎవరిదీ కాదు, యంత్రానికి భయం ఎక్కువ అని వదిలేస్తారు.

పుస్తకాల్లో ఇలా ఉంది. నిబంధనకి ముందు ఏడాదికి ఆరు, ఏడు, ఒక ఏడు తొమ్మిది చిన్నగొడుగులు చేత్తో తెరిచారు. నిబంధన వచ్చిన ఏడు ఒకటి. ఆ తర్వాత సున్నా. పదకొండేళ్ళు సున్నా. పెట్టె తెరిచినవి మాత్రం ఏడాదికి ఐదారు.

మేమంతా ఆ సున్నాలు చూసి ఎంత బాగా మడుస్తున్నామో అని మురిసిపోయాం. నిజానికి మెలి పడ్డవాళ్ళంతా పిడి ముట్టుకోకుండా పెట్టె కోసం కాచుకుని ఉన్నారు. ఇప్పుడు పెట్టె లేదు.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు
గాలి: నైరుతి. చిరుజల్లు. మడిచినవి: ఇరవై తొమ్మిది.

పార్వతాలుని ఇవాళ సావిట్లో కూర్చోబెట్టి పుస్తకం చూపించాను. అది చూడకుండానే నవ్వింది.

"ఓలక్కా, నీకు సదువుంది గాని లోకజ్ఞానం నేదు. ఇది ఊరందరికీ తెల్సు."

"ఏటి తెల్సు?"

"మెలి పడితే ఇప్పుకోవాల. ఇప్పుకోలేకపోతే పెట్టె సూసుకుంటాది. పిడి మీద సెయ్యి ఎయ్యకూడదు. ఎవల్నీ కూకోబెట్టి సెప్పక్కర్లేదు. మాకు గొడుగులు మడిసీవోల్లు మీరు, మీ దారం కోయించి మేం ఏ మొకంతోటి పైకి రావాల?"

"పెట్టెలు నేవు కదే ఇప్పుడు!"

 అది చెయ్యి చాపి నా ముందు పెట్టింది.

"సూరమ్మత్త దారం కోయించినది ఈ సెయ్యే."

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. నిబంధన వచ్చిన ఏడాది, సూరమ్మ మడిచిన గొడుగు తిరగబడితే పార్వతాలు తెల్ల పిడి లాగి బతికింది. సూరమ్మ దారం కోశారు. కోశాక ఆవిడ చేతి మంచినీళ్ళు కూడా ఎవరూ తాగలేదు. అది నిబంధనలో లేదు, మన బుద్ధిలో ఉంది. ఆ మనిషి నీళ్ళ తొట్ల వెనక కూర్చుని తిండి మానేసి, ఏడు తిరక్కుండానే పోయింది. కాని పార్వతాలు దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తోందని మాత్రం నాకు తెలీదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఉంటూ తెలీదు.

"నా దారం పోతే పోనీయే. లాగుతానని ఒట్టెయ్యి."

"సూద్దాంలే."

"సూద్దాం కాదు. ఒట్టు."

"నువ్వు మడిసినది ఎప్పుడు తిరగబడ్డాదని? ఊరికే ఒట్లేటి?" అని లేచి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది, భయం అంతకంటే ఎక్కువ వచ్చింది.

ఆరుద్ర, నాలుగో రోజు
గాలి: నైరుతి, సుడులు. మడిచినవి: ఇరవై తొమ్మిది.

పోలినాయుడుగారి ఇంటికి పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్ళాను. డెబ్బై దాటినా ఆయన నిటారుగా కూర్చుంటారు. అన్నీ ఓపికగా విన్నారు.

"రత్నం, ఆ రోజులు నువ్వు మర్చిపోయినట్టున్నావు. కబుర్లు చెప్పుకుంటూ గంటకి ఎనిమిదేసి మడిసీవోరు. మా జయమ్మ గొడుగులో తాళ్ళు ముడిపడి ఉన్నాయి. గాలి కాదు. చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో ఈ రోజుకీ నాకు తెలీదు. అందుకే దారం పెట్టినాను. ఆ తర్వాత ఒక్క తప్పుడు మడత ఉన్నాదా? చూపించు."

"నేదండి."

"మరి?"

"మడతలు బాగున్నాయి బాబూ. మనుషులే పోతన్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కూతురు పోయిన మనిషితో ఏం వాదిస్తాను. పునర్వసు కార్తెలో సభ ఉంది కదా, అప్పుడు మాట్లాడదాం, అప్పటిదాకా అందరినీ జాగ్రత్తగా దుమకమను అన్నారు. జాగ్రత్తగా దుమకడం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. అయినా సరేనండి అని వచ్చేశాను.

ఆరుద్ర, తొమ్మిదో రోజు
గాలి: నైరుతి, గట్టిగా. వాన. మడిచినవి: ఇరవై తొమ్మిది.

సభ దాకా ఆగలేను. ఊరందరి సంగతీ తర్వాత, ముందు మా ఇంటి మనిషి. ఇవాళ మధ్యాహ్నం పార్వతాలు గొడుగు తాళ్ళని భుజాల పట్టీల నుంచి విప్పి, ఆ పట్టీలతోనే పార్వతాలుని సావిడి దూలానికి వేలాడదీశాను. కాళ్ళు గాల్లో ఆడుతున్నాయి.

"దిష్టి గుమ్మడికాయలాగ ఏలాడదీసినావు గదక్కా!"

"మాటాడకు. నాను కొండ తల అన్నప్పుడు ఎర్రది లాగు, తర్వాత తెల్లది."

పట్టీలు మెలేసి గిర్రున తిప్పి వదిలాను. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి "కొండ తల!" అని అరిచాను. దాని చేతులు పిడి మీదికి పోలేదు. పైకి, తాళ్ళ మీదికి పోయాయి. మళ్ళీ తిప్పాను. మళ్ళీ పైకే. చిన్నపిల్లని కొట్టినట్టు చేతి మీద కొట్టాను. నాలుగోసారి ఎర్ర పిడి దాకా వచ్చి ఆగింది. ఏడోసారి లాగింది. పదోసారికి నేను అరవకముందే రెండూ లాగేసింది. అప్పటికి తల తిరిగి, నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది.

"సరేలే. ఒట్టు. లాగుతాను. నీ దారం పోతే నా మీద ఏడవకు. ఇంట్లో కూకుని పులుసు బాగా ఒండు, ఎప్పుడూ ఉప్పెక్కువేస్తావు."

నాకు ఈ పది రోజుల్లో మొదటిసారి ప్రాణం తెరిపిన పడింది. తర్వాత వాన పెద్దదై కిటికీల్లోంచి జల్లు కొట్టింది. మిగిలిన గొడుగులు తడవకుండా పైకి సర్ది, పార్వతాలు గొడుగుని పట్టీలకి మళ్ళీ తొడిగి, అన్నీ చీకటి పడకముందే మడిచేశాను. ఇవాళ ఇద్దరం సన్యాసిని ఏడిపిస్తూ ఒకే కంచంలో తిన్నాం.

ఆరుద్ర, పదో రోజు
మడిచినవి: లేవు.

ఆరుద్ర, పదకొండో రోజు
మడిచినవి: లేవు.

రాయాలి. రాయకపోతే తర్వాత నాకే అనుమానం వస్తుంది.

నిన్న పార్వతాలు వరసలో ఆఖరున ఉంది. నా దగ్గరికొచ్చి, పొయ్యి మీద గంజి ఉంది, సన్యాసి దించడు, నువ్వు దించు అంది. దుమికింది. ఐదు లెక్కలకి గొడుగు తెరుచుకుంది. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఒక పక్కకి ఒరిగి తిరగడం మొదలైంది. గుమ్మం దగ్గర కమ్మీ పట్టుకుని నేను లెక్కపెడుతూనే ఉన్నాను. నా లెక్క ఇరవై దగ్గర దాని తల, కొండ తల సమానమయ్యాయి. "కొండ తల! కొండ తల!" అని అరిచాను. అంత ఎత్తు నుంచి ఎవరికి వినిపిస్తుంది. చేతులు పైనే ఉన్నాయి, కాళ్ళు తన్ని తన్ని తాళ్ళు విప్పుతోంది. అప్పటి నుంచి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర పెద్దగొడుగు విడిపోయి పక్కకి ఎగిరింది. వెంటనే తెల్లగుడ్డ బయటికొచ్చింది. పొడుగ్గా వచ్చింది. విచ్చుకోవడానికి ఎత్తు చాలలేదు.

ఒట్టు నిలబెట్టుకుంది. పద్నాలుగు లెక్కలు నా కోసం ఖర్చుపెట్టి, ఆ తర్వాత నిలబెట్టుకుంది.

తాడుబండి చక్రం ఇంకెవరో తిప్పుతుండగా సన్యాసి, నేను ఇద్దరం కిందికి వెళ్ళాం.  అతను దాని దగ్గర కూర్చున్నాడు. నేను గుడ్డ కోసం మడిలో దిగాను. మోకాలి లోతు ఉప్పునీళ్ళలో తేలుతోంది. తాళ్ళు చేత్తో పట్టుకుని కింది నుంచి పైకి దువ్వుకుంటూ వెళ్ళాను. అది మా చేతులకి అలవాటు, మనసు ఉన్నా లేకపోయినా చేతులు దువ్వుతాయి.

ఎడమ భుజం తాళ్ళ కట్ట కుడి కట్టలోంచి దూరి ఉంది.

గాలి తాళ్ళని మెలేస్తుంది. ఒకదానిలోంచి ఒకటి దూర్చదు. అది చెయ్యి చేసే పని. దూలానికి వేలాడదీయడానికి విప్పి, వాన హడావిడిలో మళ్ళీ తొడిగినప్పుడు కట్టని నేనే తిప్పి తొడిగాను. మడిచేముందు కుడి కట్ట దువ్వాను, ఎడమది దువ్వలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక కట్ట దువ్వకుండా మడిచిన గొడుగు అదొక్కటే.

సన్యాసి మడి గట్టు మీద నిలబడి అడిగాడు. "గాలేనా వదినా?"

మడతలు పెట్టే మనిషి తప్ప ఆ తాళ్ళు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

"గాలే" అన్నాను.

ఆరుద్ర, పదమూడో రోజు
మడిచినవి: లేవు.

రెండు రోజులు ఆ మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. వచ్చినవాళ్ళంతా నన్ను ఓదార్చారు, చేతులు పట్టుకున్నారు. ఎవరో అన్నారు, పోలినాయుడుగారు ఈసారి దారం కొయ్యరు, పిడి లాగినా మనిషి దక్కలేదు కదా, గాలి అని రాసేస్తారు అని. దుమికేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊపిరి తీసుకున్నారు. నా దారం మిగిలిందని వాళ్ళకి నిజంగా సంతోషం. అది చూసి నాకు తెలిసిపోయింది. రేపు ఇంకొకరు ఇలాగే పద్నాలుగు లెక్కలు ఆగుతారు.

ఇవాళ పొద్దున్నే సభ పెట్టమని నేనే అడిగాను. దుముకుడు గుమ్మం ముందర అందరూ చేరారు. గుడ్డ పరిచి, తాళ్ళు ఎత్తి పట్టుకుని చూపించాను.

"ఇది గాలి కాదు. నా చెయ్యి. ఎడమ కట్ట తిప్పి తొడిగినాను, దువ్వడం మర్సిపోనాను. మరిదికి మొన్న అబద్ధం సెప్పినాను."

సన్యాసి లేచి నిలబడ్డాడు. నేను అతని వైపు చూడలేదు, చూస్తే మిగిలింది చెప్పలేను.

"తిరగబడింది నా తప్పు. దానికి నా దారం కొయ్యండి. కాని అది సచ్చిపోనాది అందుకు కాదు. ఎర్రదీ తెల్లదీ రెండు పిడులూ పనిసేసినాయి. చిన్నగొడుగు బాగుంది. కొండ తల దాటి పద్నాలుగు లెక్కలు తాళ్ళతో పెనుగులాడింది, నా దారం పోకూడదని. చిట్టెయ్యా అంతే, కొండమ్మా అంతే. ఆళ్ళ పిడులు ముట్టుకోనేదు."

పోలినాయుడుగారు కత్తెర చేతిలో పట్టుకునే ఉన్నారు. దుమికేవాళ్ళ వైపు తిరిగారు.

"రేపు మెలి పడితే, కొండ తల రాకముందే లాగీవోళ్ళు చెయ్యెత్తండి."

ఇరవై ఎనిమిది మంది. ఒక్క చెయ్యి లేవలేదు. వెనక నుంచి అప్పలకొండ అనే మనిషి, మడుల్లో మేస్త్రీ, తల వంచుకుని అన్నాడు. "సంచికి ఎవల దారం కట్టున్నాదో దుమికేముందు సూసుకుంటాం నాయుడుగారూ. సూసినాక ఎలాగ లాగుతాం?"

 ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశారు. నా దారం కొయ్యడానికి ఆయన చేతులు రాలేదు.

సన్యాసి వచ్చి కత్తెర తీసుకున్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగానే పట్టుకున్నాడు. కోశాడు. నా మొహంలోకి చూడలేదు. ఎవరూ అడ్డురాలేదు, నేనూ చెయ్యి లాక్కోలేదు. అది అతనికి నా మీద ఉన్న హక్కు అనిపించింది.

(ఇది నా రాత. పోలినాయుడు.)
ఈ పుస్తకం ఇంటికి తీసుకువెళ్ళి మొదటి నుంచి చదివాను. దారం నిబంధన ఈ రోజుతో రద్దు. చిన్నగొడుగు తెరిచి దిగిన మనిషిని ఇకపై ఒకటే అడుగుతాం, ఎన్ని లెక్కలకి లాగావు అని. ఎవరు మడిచారని అడగం. మడతలో లోపం ఉంటే మడిచినవారే చెప్పాలి, చెప్పినవారికి శిక్ష లేదు. నా కూతురు గొడుగు మడిచిన చెయ్యి ఎవరిదో నాకు తెలియలేదని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఆ చెయ్యి మాట్లాడకుండా చేసింది నాలాంటి కోపమే కాబోలు. పదకొండేళ్ళ సున్నాలు చూసి గర్వపడ్డాను. రత్నం మళ్ళీ మడవవచ్చు.

పునర్వసు కార్తె, ఏడో రోజు
గాలి: నైరుతి, సుడులు. మడిచినవి: నేను మడవలేదు. సావిట్లో నాతోపాటు మడిచే లచ్చిందేవి ఒక్కతే ఇరవై ఎనిమిదీ మడిచింది.

మడవవచ్చని రాసిచ్చారు గాని నా చేతులు గుడ్డ మీద నిలవడం లేదు. దుమికేవాళ్ళని రోజుకి ఐదుగురి చొప్పున దూలానికి వేలాడదీస్తున్నాను. వేలాడదీసే పట్టీలు వేరే కుట్టించాను, ఎవరి గొడుగూ విప్పక్కర్లేదు. ఈ బుద్ధి ముందు ఎందుకు రాలేదని రోజూ నన్ను నేనే తిట్టుకుంటాను. చేతులు పిడి మీదికి కాక పైకి పోయినవాళ్ళని కొడుతున్నాను, మేస్త్రీలైనా సరే.

సన్యాసి నాతో మాట్లాడడం లేదు. తన అన్నం తనే వండుకుంటున్నాడు. నేను గిన్నె పెడితే ముట్టడు. నేను బతిమాలలేదు.

ఇవాళ అప్పలకొండ గొడుగు మెలిపడింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. పక్కనే తాడుబండి దగ్గర సన్యాసి చక్రం వదిలేసి వచ్చి నిలబడ్డాడు. లచ్చిందేవి రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పలకొండ తాళ్ళు పట్టుకుని రెండుసార్లు కాళ్ళు తన్నాడు. చేతులు కిందికొచ్చాయి. పెద్దగొడుగు పక్కకి ఎగిరిపోయింది, చిన్నగొడుగు తెల్లగా, గుండ్రంగా విచ్చుకుంది. కొండ తలకి ఇంకా ఎంతో పైన.

మధ్యాహ్నం తాడుబండిలో పైకొచ్చి నేరుగా లచ్చిందేవి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మాయ్, నీ మడత ఒగ్గీసినాను, ఏటనుకోకు" అన్నాడు. లచ్చిందేవి ఏడుస్తూ అతని వీపు మీద గట్టిగా చరిచింది. అందరూ నవ్వారు, ఈలలు వేశారు. పోలినాయుడుగారు లెక్క అడిగితే, మెలి పడ్డాక ఎనిమిది అని చెప్పాడు.

నేను నవ్వలేకపోయాను. బతకడానికి అంతే కావాలి, ఎనిమిది లెక్కలు. ఆ సందడిలోంచి వచ్చి తాడుబండి వెనక పీపా మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. అప్పలకొండ బతికినందుకు నాకు సంతోషంగానే ఉంది. కాని అలా తెల్లగా, తీరుబడిగా దిగివస్తున్న మనిషిని చూస్తుంటే, పార్వతాలు బదులు ఇతను వచ్చాడేమిటి అనిపించింది. ఆ ఆలోచన ఇక్కడ రాస్తున్నాను, సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

సన్యాసి వచ్చి పక్క పీపా మీద కూర్చున్నాడు. చక్రం తిప్పిన చేతులు తుడుచుకున్నాడు.

"వదినా."

పదకొండు రోజుల తర్వాత ఆ మాట.

"నువ్వంటే దానికి అంత ఇష్టమని నాకెప్పుడూ సెప్పనేదు. ఇంట్లో ఎప్పుడు సూసినా నిన్ను తిట్టీది."

"నానూ దాన్ని తిట్టీదాన్నే నాయనా" అన్నాను.